అసలు, వడ్డీ, మధ్యలో ఒక సరళరేఖ

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతి వరకు లెక్కల్లో బాగానే ఉండేది. ఇప్పుడు సరళరేఖల పాఠం దగ్గర ఆగిపోయింది. 'వాలు-అంతరఖండ రూపంలో రాయండి' అన్న ప్రశ్న కనిపిస్తే చాలు, పుస్తకం మూసేస్తోంది. సూత్రం అడిగితే గడగడా అప్పజెబుతుంది, లెక్క చేయమంటే తడబడుతుంది. మొన్నటి పరీక్షలో 3ఎక్స్ + 4వై = 12 అన్న సమీకరణానికి వై = −(3/4)ఎక్స్ + 12 అని రాసింది. ఎక్కడ తప్పిందో తనకే తెలియడం లేదు. ఫోనులో వీడియోలు చూస్తే వాటిలో 'సి' బదులు 'బి' అంటున్నారట, ఇంకా గందరగోళపడింది. ఎంపీసీ మానేసి వేరే గ్రూపుకు మారిపోతానంటోంది. నేను పదో తరగతి వరకే చదివాను. మా ఊరి డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తుంటాను, అంతకు మించి లెక్కలు రావు. ట్యూషన్ పెట్టించాలా? గ్రూపు మారనివ్వాలా? నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "సంఘం పుస్తకాలు రాస్తుంటాను, అంతకు మించి లెక్కలు రావు" అన్నారే, ఆ మాట దగ్గర రెండుసార్లూ ఆగాను. మీ అమ్మాయి ఏ పాఠం చూసి భయపడుతోందో ఆ పాఠం మీరు రాసే పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉంది. మీరు ఏళ్ల తరబడి చేస్తున్న పనికి కాలేజీలో వేరే పేరు పెట్టారు, అంతే.

ముందు గ్రూపు సంగతి చెబుతాను. ఈ ఒక్క కారణంతో మారనివ్వకండి. పిల్లకు నిజంగా వేరే చదువు మీద మనసుంటే అది వేరే మాట, అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. కానీ ఒక పాఠానికి భయపడి దారి మార్చుకుంటే ఆ భయం కొత్త దారిలో కూడా వెంట వస్తుంది. పైగా మీరు రాసి పంపిన ఆ తప్పు జవాబును చూడండి. ఆ లెక్కలో మూడు పనులున్నాయి. 3ఎక్స్‌ను అవతలి వైపుకు తీసుకెళ్లాలి. దాన్ని 4తో భాగించాలి. 12ను కూడా 4తో భాగించాలి. మొదటి రెండూ సరిగ్గా చేసింది, గుర్తు కూడా తప్పలేదు. మూడోది వదిలేసింది. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ని, ఈ ఒక్క తప్పును ఎన్ని వందల జవాబు పత్రాల్లో చూశానో చెప్పలేను. ఇది తెలివితక్కువ పిల్లలు చేసే తప్పు కాదు. సమీకరణంలోని అంకెలు దేని గురించి మాట్లాడుతున్నాయో ఎవరూ చెప్పకుండా సూత్రం మాత్రమే నేర్పినప్పుడు వచ్చే తప్పు.

కాబట్టి ఈ రాత్రికి సూత్రం పక్కన పెట్టించండి. సంఘం పుస్తకం తీయండి.

మీ సంఘంలో ఒకరు 20,000 రూపాయలు రూపాయి వడ్డీకి తీసుకున్నారనుకుందాం. నూటికి నెలకు రూపాయి, అంటే నెలకు 200. మధ్యలో ఆమె ఏమీ కట్టలేదు. మొదటి నెల చివర బాకీ 20,200. రెండో నెల చివర 20,400. ఏడో నెల చివర ఎంత అని ఎవరైనా అడిగితే మీరు నెల నెలా కూడుకుంటూ పోరు. రెండు వందల్ని ఏడుతో గుణించి, పద్నాలుగు వందలు వచ్చాయి కాబట్టి అసలు కలిపి 21,400 అని ఠక్కున చెప్పేస్తారు. మీరు మనసులో చేసిన ఆ పనిని కాగితం మీద పెడితే ఇలా ఉంటుంది:

బాకీ = 200 × నెలలు + 20,000

ఇదే వాలు-అంతరఖండ రూపం. ఇందులో బాకీ అన్న చోట వై, నెలలు అన్న చోట ఎక్స్ పెట్టండి. 200 ఉన్న చోట ఎం, 20,000 ఉన్న చోట సి పెట్టండి. మీ అమ్మాయి పుస్తకంలో పెట్టెకట్టి ఉన్న సూత్రం వస్తుంది:

వై = ఎం ఎక్స్ + సి

సి అంటే అసలు. ఎం అంటే నెల వడ్డీ. పాఠం పేరులో ఉన్న రెండు పెద్ద మాటలూ ఈ రెంటి గురించే. అంతరఖండం అన్న మాట వినగానే పిల్లలు బెదిరిపోతారు గానీ, గీత నిలువు అక్షాన్ని ఏ ఎత్తులో ఖండిస్తుందో చెప్పే అంకె అది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా నెలలు, నిలువుగా బాకీ గుర్తించి గీత గీస్తే, నెలలు సున్నాగా ఉన్న చోట, అంటే అప్పు తీసుకున్న రోజున, గీత ఎంత ఎత్తులో ఉంటుంది? 20,000 దగ్గర. ఆ రోజుకు వడ్డీ ఏమీ లేదు, అసలు మాత్రమే ఉంది. అక్కడి నుంచి ఒక్కో నెల కుడికి జరిగిన కొద్దీ గీత 200 చొప్పున పైకి పోతుంది. ఆ ఎక్కుడే వాలు.

మన భాషలో ఒక అందమైన మాట ఉంది, బారువడ్డీ. బారు అంటే వరస. చీమల బారు అంటాం, కొంగల బారు అంటాం. ప్రతి నెలా ఒకే మొత్తం పెరిగే వడ్డీని గ్రాఫు మీద గుర్తిస్తే చుక్కలన్నీ కొంగల బారులా ఒకే గీతలో నిలబడతాయి. చక్రవడ్డీ అలా నిలబడదు. వడ్డీ మీద వడ్డీ పడి ఒక్కో నెలా పెరిగే మొత్తం మారిపోతుంది, గీత వంగి పైకి లేస్తుంది. ఎం మారకుండా ఉంటేనే సరళరేఖ. ఈ ఒక్క సంగతిని మీ అమ్మాయి చేత రెండు గ్రాఫులుగా గీయించండి. ఒకటి బారువడ్డీతో, ఒకటి చక్రవడ్డీతో. తేడా బాగా కనిపించాలంటే నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ పెట్టి రెండేళ్ల లెక్క వేయించండి. సరళరేఖను సరళరేఖ అని ఎందుకన్నారో మళ్లీ ఎప్పుడూ ఎవరినీ అడగదు.

మీ పుస్తకంలో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఎవరైనా వడ్డీ లేకుండా చేబదులు ఇచ్చారనుకోండి, నెలలు గడిచినా బాకీ అంతే ఉంటుంది. వాలు సున్నా, గీత అడ్డంగా బల్లపరుపుగా సాగుతుంది. ఆ చేబదులు పదివేలు తీసుకున్న మనిషి నెలకు 500 చొప్పున తీరుస్తూ పోతే?

బాకీ = −500 × నెలలు + 10,000

ఇప్పుడు వాలు రుణాత్మకం, గీత కిందికి దిగుతుంది. ఇది ఎక్కడ నేలను తాకుతుంది? బాకీ సున్నా అయిన చోట, ఇరవయ్యో నెలలో. పుస్తకంలో ఎక్స్-అంతరఖండం అని ఉంటుందే, అది అప్పు తీరిన నెల. ఇక సంఘంలో కొత్తగా చేరి నెలకు వంద చొప్పున పొదుపు చేసే సభ్యురాలి లెక్కలో సి సున్నా. ఆమె గీత రెండు అక్షాలూ కలిసే మూలబిందువు నుంచి బయలుదేరుతుంది. రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చిన అప్పు గీతనూ, రూపాయి వడ్డీకి సంఘంలో తెచ్చిన అప్పు గీతనూ ఒకే కాగితం మీద గీస్తే, అసలు ఒకటే కాబట్టి రెండూ ఒకే చోట మొదలవుతాయి. తర్వాత ఒకటి నిటారుగా ఎగబాకుతుంది. ఏ గీత ఎవరి ఇంటికి బరువో మీరు చూసి చెప్పగలరు. కూతురికి ఆ మాట మీ నోటితోనే చెప్పండి.

ఇప్పుడు పరీక్షలో తప్పిన లెక్కకు వద్దాం. పిల్లలకు వచ్చే అసలు చిక్కు, సమీకరణం ఈ రూపంలో రాకపోవడమే. 3ఎక్స్ + 4వై = 12 అని వస్తుంది. ఇందులో అసలు ఏది, వడ్డీ ఏది? రెండూ దాక్కుని ఉన్నాయి. చాలామంది పిల్లలు ఎక్స్ ముందున్న 3 చూసి అదే వాలు అంటారు, 12 చూసి అదే అంతరఖండం అంటారు. రెండూ తప్పే.

ఈ సమీకరణాన్ని బజారుకు తీసుకెళ్దాం. పెన్సిల్ మూడు రూపాయలు, రబ్బరు నాలుగు రూపాయలు. చేతిలో 12 రూపాయలున్నాయి, మొత్తం ఖర్చు పెట్టాలి. ఎక్స్ పెన్సిళ్లు, వై రబ్బర్లు కొంటే 3ఎక్స్ + 4వై = 12. ఇప్పుడు మీ అమ్మాయిని అడగండి: పెన్సిళ్లు ఒక్కటీ కొనకపోతే ఎన్ని రబ్బర్లు వస్తాయి? మూడు అంటుంది. ఎక్స్ సున్నా అయినప్పుడు వై విలువే కదా అంతరఖండం! మరి పరీక్షలో పన్నెండు అని రాసింది. పన్నెండు రూపాయలకు నాలుగు రూపాయల రబ్బర్లు పన్నెండు ఎవరిస్తారు?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఆ తప్పుకు వేరు ఇక్కడే ఉంది. సమీకరణంలోని 12 రూపాయల లెక్క. వై రబ్బర్ల లెక్క. రూపాయల్ని రబ్బర్లుగా మార్చకుండా నేరుగా వై పక్కన పెట్టేసింది. 4తో భాగించడమంటే రూపాయల్ని రబ్బర్లుగా మార్చడం. 4వై అంటే రబ్బర్ల మీద పెట్టిన ఖర్చు:

4వై = −3ఎక్స్ + 12

ఈ వరస దాకా అన్నీ రూపాయలే. 12 రూపాయల్లోంచి పెన్సిళ్లకు పెట్టింది పోగా మిగిలింది రబ్బర్లకు. ఇప్పుడు నాలుగుతో భాగిస్తే, మిగిలిన సొమ్ములో ప్రతి పైసానూ భాగించాలి:

వై = −(3/4)ఎక్స్ + 3

నలుగురు అన్నదమ్ములు పంపకాలు వేసుకున్నప్పుడు పొలాన్ని నాలుగు వాటాలు చేసి ఇంటిని పంచకుండా వదిలేస్తారా? ఈ మాట నేను తరగతిలో ప్రతి సంవత్సరం చెప్పేవాణ్ని. కుడివైపు ఎన్ని పదాలుంటే అన్నింటికీ వాటా పడాలి. మీ అమ్మాయికి అలవాటు పడేదాకా, భాగించే ముందు కుడివైపు మొత్తానికి ఒక పెద్ద కుండలీకరణం వేసి, దాని కింద గీత గీసి 4 రాయమనండి. అప్పుడు ఏ పదమూ తప్పించుకోదు.

మైనస్ మూడు బై నాలుగు చూసి కంగారు పడవద్దని చెప్పండి. దాన్ని −0.75 చేయవద్దు, భిన్నంగానే ఉంచాలి. భిన్నంలో ఉన్న సమాచారం దశాంశంలో కనిపించదు. నాలుగు అడుగులు కుడికి, మూడు అడుగులు కిందికి అని ఆ భిన్నమే చెబుతోంది. గ్రాఫు మీద (0, 3) దగ్గర పెన్సిల్ పెట్టి, నాలుగు గళ్లు కుడికి, మూడు గళ్లు కిందికి జరిపితే (4, 0) దగ్గరకు చేరుతుంది. నాలుగు పెన్సిళ్లు కొంటే రబ్బర్లు సున్నా. డబ్బు సరిపోయింది. రెండు చుక్కలు చాలు, స్కేలు పెట్టి గీత గీసేయవచ్చు, పట్టిక వేసే పని లేదు. ఈ రూపంలోకి మార్చమని అడగడం వెనుక ఉన్న ప్రయోజనం ఇదే. మార్చిన మరుక్షణం గీత కళ్ల ముందు కనిపిస్తుంది.

గుర్తుల గురించి కూడా చెప్పాలి, తర్వాతి తప్పు అక్కడే జరుగుతుంది కాబట్టి. "అటు పోతే ప్లస్ మైనస్ అవుతుంది" అని పిల్లలు మంత్రంలా నేర్చుకుంటారు. ఎందుకవుతుందో మరిచిపోతారు. మన కిరాణా కొట్టు తక్కెడే దీనికి సరైన గురువు. రెండు పళ్లాలూ సమానంగా ఉన్నాయి. ఒక పళ్లెంలోంచి 3ఎక్స్ తీస్తే రెండో దానిలోంచి కూడా 3ఎక్స్ తీయాలి, లేకపోతే ముల్లు వాలిపోతుంది. అవతలికి పోయి గుర్తు మారినట్టు కనిపించేది ఈ తీయడమే. మొదటి పది లెక్కల్లోనూ రెండు వైపులా తీసినట్టు ఒక వరస అదనంగా రాయించండి. కాగితం ఖర్చయితే కానివ్వండి.

4ఎక్స్ − 3వై + 12 = 0 లాంటిది వస్తే మరో చిన్న మెలకువ ఉంది. చాలామంది పిల్లలు వైని ఎడమవైపే ఉంచాలని పట్టుపట్టి, −3వై = −4ఎక్స్ − 12 అని రాసి, మైనస్ మూడుతో భాగించేటప్పుడు ఏదో ఒక గుర్తు జారవిడుస్తారు. వై ఎటు వెళితే ధనాత్మకంగా ఉంటుందో అటే వెళ్లనివ్వమనండి. రెండు వైపులా 3వై కలిపితే 4ఎక్స్ + 12 = 3వై. మూడుతో పంచితే వై = (4/3)ఎక్స్ + 4. మైనస్ గొడవే లేదు. వై కుడివైపు ఉంటే తప్పేమీ కాదు, చివరి వరసలో ఎడమకు రాసుకుంటే సరిపోతుంది.

ఇక అక్షరాల గందరగోళం. ఇందులో మీ అమ్మాయి తప్పు రవ్వంత కూడా లేదు. అమెరికా పుస్తకాల్లో వై = ఎం ఎక్స్ + బి అని రాస్తారు. ఇటలీలో చివరి అక్షరం క్యూ. రష్యాలో వాలుకు కె వాడతారు. తను చూసిన వీడియో అమెరికా పాఠ్యక్రమానికి చేసినదై ఉంటుంది. అక్షరం ఏదైనా ఎక్స్‌ను గుణించేది వడ్డీ, ఒంటరిగా కూర్చున్నది అసలు.

దీనికంటే ప్రమాదకరమైన గందరగోళం మన పుస్తకంలోనే ఉంది. సాధారణ రూపాన్ని ఏ ఎక్స్ + బి వై + సి = 0 అని రాస్తారు. అక్కడా సి ఉంది, వై = ఎం ఎక్స్ + సి లోనూ సి ఉంది. రెండూ ఒకటి కావు! మీ సంఘంలో ఇద్దరు లక్ష్ములు ఉంటే వాళ్ల ఖాతాలు కలిపేస్తారా? ఇంటి పేరు చూసి విడిగా రాస్తారు. ఇక్కడా అంతే. సాధారణ రూపంలోని సి సంగతి తేలాలంటే వైని ఒంటరి చేయాలి. చేస్తే వాలు −ఏ/బి అనీ, వై-అంతరఖండం −సి/బి అనీ వస్తాయి. ఈ రెండు సూత్రాలనూ గోడ మీద రాసి బట్టీ పట్టించే పద్ధతి నాకు నచ్చదు. పరీక్ష హాలులో మైనస్ ఉందా లేదా అన్న అనుమానం వస్తే ఆ పిల్లకు దిక్కెవరు? రెండు వరసల్లో తనే రాబట్టగలిగితే అనుమానానికే చోటు ఉండదు.

రెండు బిందువులిచ్చి సమీకరణం రాయమనే లెక్క కూడా మీ పుస్తకంలోనే దొరుకుతుంది. ఒక పేజీ మీద నీళ్లు పడి అసలు ఎంతో, వడ్డీ ఎంతో చెరిగిపోయాయనుకోండి. రెండు వరసలు మాత్రం కనిపిస్తున్నాయి. నాలుగో నెల చివర బాకీ 20,800. తొమ్మిదో నెల చివర 21,800. మధ్యలో కట్టింది ఏమీ లేదు. మీరైతే ఏం చేస్తారు? ఐదు నెలల్లో వెయ్యి పెరిగింది, కాబట్టి నెలకు 200. నాలుగు నెలల వడ్డీ 800 తీసేస్తే అసలు 20,000. అయిపోయింది. పుస్తకంలో (వై2 − వై1) / (ఎక్స్2 − ఎక్స్1) అని ఉండేది మీరు మొదట చేసిన భాగహారం. ఒక బిందువును ప్రతిక్షేపించి సి కనుక్కోవడం అనేది మీరు రెండోసారి చేసిన తీసివేత. కొందరు పిల్లలు పైదాన్ని కింద, కిందిదాన్ని పైన రాసి 5/1000 అంటారు. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నెలకు ఇన్ని రూపాయలు కావాలా, రూపాయికి ఇన్ని నెలలు కావాలా? కొలమానం పక్కన రాస్తే తలకిందులు ఎప్పుడూ జరగదు.

వాలు అన్న మాట డబ్బుతోనే ఆగిపోకూడదు. అది మన ఇంటి మాట. పెంకుటింటికి వాలు ఉంటుంది, పొద్దు వాలుతుంది, వాలు కుర్చీలో పెద్దవాళ్లు కూర్చుంటారు. మేము ఇల్లు కట్టుకున్నప్పుడు స్నానాల గదిలో గచ్చు వేసిన మేస్త్రి పని అయ్యాక చెంబెడు నీళ్లు మూలన పోసి గొంతుకు కూర్చున్నాడు. నీళ్లు నెమ్మదిగా తూము వైపు కదిలాయి. ఒకచోట కాసేపు నిలిచాయి. అక్కడ వేలితో గుర్తు పెట్టి, "ఇక్కడ వాటం తగ్గింది" అని మళ్లీ తాపీ పట్టాడు. ఎంత దూరానికి ఎంత దిగాలో అతని చేతికి తెలుసు. ఆ నిష్పత్తినే మేము తరగతిలో వాలు అంటాం. చక్రాల కుర్చీ ఎక్కడానికి వేసే వాలుబాటకు పన్నెండు అడుగుల దూరానికి ఒక్క అడుగు మించి లేవకూడదని లెక్క, అంటే వాలు 1/12, కోణం సుమారు 5 డిగ్రీలు. ఇంటర్ పుస్తకంలో వాలును టాన్ తీటా అని రాసేది ఈ కోణానికే. నలభై ఐదు డిగ్రీలయితే వాలు 1, ఎంత ముందుకు వెళితే అంత పైకి.

మరి గోడకు వాలు ఎంత? ముందుకు వెళ్లడమన్నదే లేదు, పైకి మాత్రమే. సున్నాతో భాగించలేం. అందుకే ఎక్స్ = 5 లాంటి నిలువు గీతను వాలు-అంతరఖండ రూపంలో రాయడం కుదరదు. అందులో వై లేనే లేదు, లేనిదాన్ని ఒంటరి చేయలేం. ఈ మినహాయింపు మీద ప్రశ్న వచ్చినప్పుడు పిల్లలు వాలు సున్నా అని రాసి పోగొట్టుకుంటారు. సున్నా వాలు నేలది. గోడకు వాలు నిర్వచితం కాదు.

ఇంట్లో జ్వరమానిని ఉంటే ఇంకో లెక్క ఇవ్వండి. నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అదే 32 డిగ్రీల ఫారెన్‌హీట్. మరిగేది 100 దగ్గర, అదే 212. ఈ రెండు బిందువుల నుంచి మీ అమ్మాయినే సమీకరణం రాయమనండి. నూరు మెట్లకు 180 పెరిగింది, వాలు 180/100, అంటే 9/5. సున్నా దగ్గర ఉన్నది 32, అదే అంతరఖండం. ఫారెన్‌హీట్ = (9/5) × సెల్సియస్ + 32. అందులో 37 వేస్తే 66.6 + 32, అంటే 98.6. చిన్నప్పటి నుంచి వింటున్న అంకె తన చేతి లెక్కలోంచి ఊడిపడితే ఆ పిల్ల ముఖం చూడండి. ఉత్సాహం మిగిలి ఉంటే రెండు కొలమానాలూ ఒకే అంకె చూపే చోటు ఉందా అని అడగండి. ఉంది, మైనస్ 40. ఎలా వచ్చిందో తనే చెప్పాలి.

ట్యూషన్ గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. రెండు వారాలు రోజుకు అరగంట మీరే కూర్చోండి. మీరు చెప్పనక్కర్లేదు, అడిగితే చాలు. సమీకరణం చూపించి "ఇందులో అసలు ఎంత, వడ్డీ ఎంత?" అని అడగండి. లెక్క అయ్యాక "ఎక్స్ సున్నా వేసి చూశావా?" అని అడగండి. సున్నా వేసి, వచ్చిన వైని ముందిచ్చిన సమీకరణంలో పెట్టి చూడటానికి అర నిమిషం పట్టదు. ఆ రోజు పరీక్షలో ఈ పని చేసి ఉంటే, వై 12 అని పెట్టగానే 4 × 12 = 48 వచ్చేది, 12కు బదులు. తప్పును తనే పట్టుకునేది. జవాబు మీకు తెలియకపోయినా ఈ రెండు ప్రశ్నలూ అడగవచ్చు. మీరు అడుగుతుంటే, తను వివరిస్తుంటే, వివరించేవాళ్లకు వచ్చినంతగా పాఠం ఇంకెవరికీ రాదు. రెండు వారాల తర్వాత కూడా భిన్నాల దగ్గరే చేయి ఆగిపోతోందంటే చిక్కు ఈ పాఠానిది కాదు, కింది తరగతుల భిన్నాలది. అప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పే అధ్యాపకుల్ని కలిసి ఆ ఒక్క విషయం మీద సాయం అడగండి. అడిగితే కాదనేవారు తక్కువ.

ఈ ఆదివారం సంఘం పుస్తకంలోంచి, పేర్లు కనపడకుండా, ఏవైనా మూడు అప్పులు తీసి మీ అమ్మాయికి ఇవ్వండి. ఒక్కోదానికి సమీకరణం రాసి, మూడు గీతలూ ఒకే గ్రాఫు కాగితం మీద గీయాలి. తర్వాత తనను 3ఎక్స్ + 4వై = 12 మళ్లీ చేయమనండి, ఈసారి పక్కనే రబ్బర్లు, పెన్సిళ్లు అని రాసుకుని. ఆ రెండు కాగితాలూ నాకు పంపించండి. చూసి, చివరన ఇంకో లెక్క రాసి తిప్పి పంపుతాను.